గోడ కత్తా, సాము కత్తా? కొనేముందు తేల్చుకోవడం ఎలా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కత్తి కొనేవాళ్ల అవసరాలు చాలామట్టుకు మూడు. గోడకు పెట్టుకోవడానికో, దసరాకి ఆయుధపూజలో ఉంచడానికో, రాజుల ఇళ్లలో పెళ్లికొడుకు చేతికి ఇవ్వడానికో కొనేవాళ్లు కొందరు. సాము నేర్పే గరిడీలోనో పండగ ఊరేగింపులోనో కత్తిసాము చేయడానికి కొనేవాళ్లు కొందరు. పౌరాణిక నాటకానికో తూర్పు భాగోతానికో వేషం కోసం కొనేవాళ్లు మిగిలినవాళ్లు. దుకాణంలో చూస్తే ఈ మూడు రకాల కత్తులూ ఒకేలా మెరుస్తాయి. అసలు తేడా పిడి లోపల, ఉక్కు లోపల ఉంటుంది. ఆ తేడా తెలియక గోడ మీది కత్తిని ఎవరైనా తీసి నాలుగుసార్లు తిప్పితే, అలుగు, అంటే పిడికి ముందున్న పొడవాటి లోహపు భాగం, పిడిలోంచి ఊడి ఎదుటివాళ్ల మీదికి పోతుంది. పదును లేకపోయినా ముప్పావు కిలో ఇనుము అంత వేగంతో తగిలితే ఎముక విరుగుతుంది. అలంకారానికి చేసిన కత్తిని ఒక్కసారి కూడా తిప్పకూడదు. తిప్పే పని ఉంటే మొదటే వేరే కత్తి కొనాలి. కింద చెప్పేదంతా ఆ రెండింటినీ విడదీసి చూడటం గురించే.

ముందు పని రాసుకోండి

కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ఈ కత్తిని ఎవరు పట్టుకుంటారు, ఎక్కడ, ఏం చేయడానికి? "గోడకు పెడతాం, అవసరమైతే పిల్లలు స్కూలు ఫంక్షన్లో వాడుకుంటారు" అని రాశారంటే మీకు కావలసింది ఒక కత్తి కాదు, రెండు. గోడకు ఒకటి, పిల్లలకు చెక్కది ఒకటి. "రెండింటికీ పనికొస్తుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాటను నమ్మి కొనకండి. గోడ కత్తిని మెరుపు కోసం చేస్తారు, సాము కత్తిని దెబ్బను తట్టుకోవడం కోసం చేస్తారు. రెంటికీ లోహం వేరు, పిడి బిగింపు వేరు.

ఇంకో సంగతి. సాము కత్తి అంటే పదునైన కత్తి అని చాలామంది అనుకుంటారు. కాదు. కత్తిసాముకు కావలసింది గట్టిదనం, తూకం. పదునుతో పని లేదు. పై మూడు అవసరాల్లో ఒక్కదానికీ పదును పెట్టిన కత్తి అక్కర్లేదు. ఈ మాట ముందే ఖాయం చేసుకుంటే కొనడం, దాచడం, పోలీసులకు చెప్పుకోవడం అన్నీ తేలికవుతాయి.

చట్టం సంగతి డబ్బు కట్టకముందే

1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో కత్తులను, గుప్తీలను (చేతికర్రలో దాచే కత్తులను), బాకులను పదునైన ఆయుధాల వర్గంలో చేర్చారు. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు చేసినవి కాకుండా, 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ అలుగు ఉన్నవి కూడా ఇందులోకే వస్తాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటివి దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి. బొమ్మగా తప్ప దేనికీ పనికిరానివి, పనిచేసే ఆయుధంగా మార్చడానికి వీలుకానివి ఆయుధం అన్న నిర్వచనంలోకి రావు. కాబట్టి చెక్క కత్తితో ఈ చిక్కు లేదు. ఇనుప కత్తి అయితే, మొద్దుగా ఉన్నదైనా సరే, కొనేముందు మీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అడగండి. ఫొటో, కొలతలు, ఎందుకు వాడతారో ఒక కాగితం తీసుకెళ్లండి. కొన్నాక బిల్లు జాగ్రత్త చేయండి.

ఊరేగింపులో వాడేట్టయితే అనుమతి వేరేగా, రాతపూర్వకంగా తీసుకోవాలి. పైడితల్లి సిరిమానోత్సవం లాంటి రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. ఎన్నికల వేళ, ఉద్రిక్తతల వేళ, పాత 144 సెక్షన్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 సెక్షన్ కింద ఆంక్షలు పెట్టినప్పుడు కత్తి పట్టుకుని రోడ్డు మీదికి రావడమే నేరమవుతుంది. పాత అనుమతి కాగితం అప్పుడు పనిచేయదు.

దుకాణంలో చూడాల్సిన వరస

వెంట ఒక వెర్నియర్ గానీ మందం కొలిచే గేజీ గానీ, చిన్న అయస్కాంతం, వంటింటి డిజిటల్ తూకం, టేపు తీసుకెళ్లండి. చూసే వరస పిడి వైపు నుంచి మొదలవ్వాలి. చాలామంది అలుగు మెరుపుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

పిడి. అలుగు వెనక భాగం సన్నబడి పిడిలోకి దూరుతుంది. దాన్ని తోక అనుకుందాం. కత్తి బతుకంతా దీని మీదే ఉంది. గోడ కత్తుల్లో తోక రెండు మూడు అంగుళాలే ఉంటుంది. దాని చివర 5, 6 మిల్లీమీటర్ల మరచుట్ల కడ్డీ ఒకటి వెల్డింగ్ చేసి, పిడి అవతల నట్టు బిగిస్తారు. పిడి చివర ఉన్న గుండ్రటి బుడిపెను చేత్తో తిప్పి చూడండి. మరలాగా ఊడి వచ్చి లోపల సన్నటి కడ్డీ కనబడితే అది గోడ కత్తి. సాము కత్తికి తోక పిడి పొడవునా పోవాలి, మొదట్లో కనీసం 15 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. తోక చివరను బుడిపె అవతల సుత్తితో కొట్టి పరిచి ఉండాలి, లేదా పిడికి అడ్డంగా రెండు మూడు రివెట్లు ఉండాలి. వెల్డింగ్ ఎందుకు పనికిరాదంటే, స్ప్రింగ్ ఉక్కులో వెల్డింగ్ పక్కనున్న భాగం తొందరగా చల్లారి పెళుసుబారుతుంది. పైకి అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్కనే పగులుతుంది. అలుగు ఇరుకై తోకగా మారే భుజాల దగ్గర మూలలు నిలువుగా కోసినట్టు ఉంటే దెబ్బ బలమంతా ఆ మూల మీదే పడుతుంది. అక్కడ గుండ్రంగా అరగదీసి ఉండాలి. అమ్మేవాళ్లను పిడి విప్పి చూపించమని అడగండి. రివెట్ల పిడి అయితే విప్పలేరు కాబట్టి, బిగించకముందు తీసిన ఫొటో చూపించమనండి. రెండూ కుదరవంటే దాన్ని గోడ కత్తిగానే లెక్కేయండి.

పాతకాలపు తల్వార్ల (వంపు కత్తుల) సంగతి కొంచెం వేరు. వాటి తోక పొట్టిగానే ఉంటుంది, లోహపు పిడిలో లక్క లాంటి జిగురు పోసి దిగేస్తారు. ఆ పద్ధతిని ఇప్పుడు సరిగ్గా చేసేవాళ్లు అరుదు. కొత్త తల్వార్‌లో జిగురు బిగింపు అని చెబితే, తిప్పే పనికి తీసుకోకండి.

చప్పుడు. కత్తిని నిలువుగా పట్టుకుని అరచేత్తో అలుగు మీద మెల్లగా తట్టండి. పిడిలో గలగల వినిపిస్తే లోపల వదులు ఉన్నట్టు. కొత్తగా ఉన్నప్పుడే వదులు ఉన్నది నెల తిరక్కుండా ఊగుతుంది.

మందం. పిడి దగ్గర, మధ్యలో, మొనకు నాలుగు అంగుళాల ఇవతల, మూడుచోట్ల వెన్ను మందం కొలవండి. పనికొచ్చే కత్తికి పిడి దగ్గర 5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండి మొన వైపుకి 2.5, 3కి తగ్గుతుంది. మూడుచోట్లా ఒకే అంకె వస్తే అది రేకు నుంచి కోసిన కత్తి. మొన బరువెక్కి మణికట్టును లాగేస్తుంది.

తూకం. ఒంటిచేతి కత్తి 75 నుంచి 80 సెంటీమీటర్ల అలుగుతో 700 గ్రాముల నుంచి 1,100 గ్రాముల మధ్య ఉండాలి. కత్తిని చూపుడువేలు మీద అడ్డంగా ఆనించి, ఎక్కడ సమంగా నిలుస్తుందో చూడండి. పిడి ముందు అడ్డుపట్టీ నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్ల లోపు నిలిస్తే తిప్పడానికి బాగుంటుంది. గోడ కత్తులు కొన్ని కిలోన్నర దాటతాయి. బరువుంది కాబట్టి గట్టిది అనుకోవడం పొరపాటు.

అయస్కాంతం. అలుగుకి అతుక్కోకపోతే అది కచ్చితంగా అలంకారానిదో నాటకానిదో. అతుక్కుంటే మాత్రం ఏమీ తేలనట్టే, ఎందుకంటే గోడ కత్తులకు వాడే 420 రకం స్టెయిన్‌లెస్ కూడా అతుక్కుంటుంది.

వంచి చూడటం మీరు చేయకండి. పాను, అంటే కాచి ముంచి ఉక్కును గట్టిపరచడం, సరిగ్గా లేని అలుగు విరిగి ముక్క కంట్లోకి వస్తుంది. తయారుచేసినవాళ్లే కళ్లద్దాలు పెట్టుకుని, మొనను చెక్కకు ఆనించి మెల్లగా ఒక అంగుళం, రెండంగుళాలు వంచి వదలాలి. అలుగు తిరిగి సూటిగా వస్తే మంచిదే. తాము చేసిన కత్తిని వంచడానికి వాళ్లే వెనకాడితే ఇక అడగాల్సింది ఏమీ లేదు.

ఉక్కు

స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. తొందరగా తుప్పు పట్టదు, అద్దంలా మెరుస్తుంది. వంటింటి చాకుకు అది సుఖమే. కానీ రెండున్నర అడుగుల అలుగుకు పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు కథ మారుతుంది. మెత్తగా వదిలేసిన స్టెయిన్‌లెస్ వంగి అలాగే ఉండిపోతుంది. గట్టిపరిస్తే పుటుక్కున విరుగుతుంది. సాము కత్తికి మామూలు కార్బన్ ఉక్కు గానీ స్ప్రింగ్ ఉక్కు గానీ కావాలి. బిల్లు మీద 1060, 5160, ఈఎన్45 లాంటి పేరు రాయించుకోండి. "హై క్వాలిటీ స్టీల్" అని మాత్రమే రాస్తే అది ఏ ఉక్కో చెప్పనట్టే. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 48 నుంచి 52 మధ్య ఉంటే దెబ్బలకు నిలుస్తుంది.

కమ్మరి దగ్గర సాము కత్తి చేయించుకునేవాళ్లు సాధారణంగా లారీ కమాను పట్టీ ఇస్తారు. ఆ ఉక్కు మంచిదే. చిక్కు ఎక్కడంటే, ఏళ్లతరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉంటాయి. కొలిమిలో కాల్చి సాగదీసినా అవి పూర్తిగా పోవు, అక్కడే కత్తి విరుగుతుంది. వాడని కొత్త పట్టీ తెచ్చి ఇవ్వండి. పాను పెట్టేటప్పుడు నీళ్లలో కాకుండా నూనెలో ముంచమని చెప్పండి. నీళ్లలో ఈ ఉక్కు మరీ తొందరగా చల్లారి పగులుతుంది. నూనెలోంచి తీసిన అలుగు గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్లీ తక్కువ వేడి మీద కాచాలి. ఈ రెండో కాపు ఎగ్గొట్టిన కత్తి చూడటానికి బాగానే ఉంటుంది, రాయికి తగిలిన రోజున రెండు ముక్కలవుతుంది. అంచును మొద్దుగానే ఉంచమని ముందే చెప్పండి. పదునైన కత్తులు తయారుచేయడం, అమ్మడం కూడా చట్టం పరిధిలోనివే. కమ్మరిని ఇరుకులో పెట్టకండి.

డమాస్కస్ గీతలున్న (ఉక్కు పొరలు కలిపి కొట్టినప్పుడు తేలే అలల గీతలున్న) కత్తుల ఫొటోలు ఆన్‌లైన్‌లో ఆకర్షిస్తాయి. నిజమైనదైతే ఆ గీతలు వెన్ను మీదుగా రెండో వైపుకి తెగకుండా సాగుతాయి. వెన్ను నున్నగా ఉండి రెండు పక్కలే గీతలుంటే అది పైపై ముద్ర. గోడకైతే అభ్యంతరం లేదు, ఆ ధర పెట్టకుండా ఉంటే చాలు.

కత్తిసాముకి

ఇక్కడ రాజీ పడకండి. అంచు కనీసం 2 మిల్లీమీటర్ల మందం ఉండాలి, మూలలు గుండ్రంగా అరగదీసి ఉండాలి. మొన రూపాయి బిళ్ల అంచంత గుండ్రంగా ఉండాలి. మొదలుపెట్టే కుర్రాళ్లకు 700, 750 గ్రాములు చాలు. కర్రసాములో మణికట్టు కుదిరాకే ఇనుము ఇవ్వండి. రెండు చేతులా తిప్పేవాళ్లకు జంట కత్తుల మధ్య 20, 30 గ్రాములకు మించి తేడా ఉండకూడదు. బరువైన కత్తి వైపుకి భుజం వాలి, వేగం పెరిగేకొద్దీ రెండు కత్తులూ ఒకదానికొకటి తగులుతాయి.

పిడికి పట్టు ముఖ్యం. ఇత్తడి పిడి చూడటానికి అందమే కానీ అక్టోబరు ఉక్కపోతలో చెమట చేతికి జారుతుంది. నూలు తాడు గానీ సైకిల్ హ్యాండిల్ టేపు గానీ గట్టిగా చుట్టండి. మణికట్టుకు తాడు కట్టుకోవడం మంచిదా అంటే, ఒంటరి ప్రదర్శనకు మంచిదే. ఇద్దరు ఎదురెదురుగా చేసేటప్పుడు కట్టకండి, ఊడిన కత్తి తాడుకు వేలాడుతూ చేసేవాళ్ల కాలికే తగులుతుంది.

ప్రతి సాధనకు ముందు రెండు నిమిషాలు కేటాయించండి. పిడి ఊపి వదులు చూడండి. దూది ఉండను అంచు వెంట నడిపించండి. పోగులు చిక్కిన చోట బొరుసు (అంచు మీద లేచిన గరుకు లోహం) ఉన్నట్టు, ఆకురాయితో నున్నగా చేయండి. అలుగుకు అడ్డంగా వెంట్రుకంత గీత కనబడితే అది గీత కాకపోవచ్చు. అక్కడ నూనె రాసి, తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులైతే లోపలి నూనె పైకి ఊరి పొడి మీద సన్నటి చార కనబడుతుంది. అలాంటి కత్తిని ఆ రోజే పక్కన పెట్టేయాలి. అతుకు వేయించి మళ్లీ తిప్పకూడదు.

జనానికి దూరం: చేయి చాచి కత్తి పట్టుకుంటే ఎంత దూరం వస్తుందో, దానికి రెట్టింపుకు తక్కువ కాకుండా. అంటే మూడు మీటర్ల పైనే. వీధిలో అయితే తాడు పట్టి నాలుగైదు మీటర్లు ఖాళీ ఉంచండి. పిల్లలు తాడు కిందనుంచి దూరతారు, అటు ఒక మనిషిని నిలబెట్టండి.

నాటకానికి

చెక్కే మేలు. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని అలుగు ఆకారంలో కోసి, అంచులు గుండ్రంగా రాకి, వెండి రంగు వేస్తే దీపాల వెలుగులో తేడా తెలియదు. కత్తి కత్తికి తగిలే చప్పుడు కావాలంటే అల్యూమినియం అలుగులు చేయించండి. వాటికి బొరుసు తొందరగా లేస్తుంది, ప్రతి ప్రదర్శన తర్వాత రాకాలి. ఒక చేతిలో చెక్క, ఎదుటి చేతిలో ఇనుము మాత్రం వద్దు.

గోడకి

బొబ్బిలి కోట గుర్తుకొచ్చే కత్తి కావాలని అడిగేవాళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. 1757 జనవరి 24 నాటి యుద్ధం ఇక్కడ ఇంకా ఇంటి కథే. ఆ కాలపు పోలిక కావాలంటే గుండ్రటి పళ్లెం లాంటి చివర ఉన్న తల్వార్ పిడిని గానీ, చేతిని కప్పే బుట్టపిడి ఉన్న నిటారు కత్తిని గానీ ఎంచుకోండి. డ్రాగన్ తలలు, రంగు రాళ్లు ఉన్నవాటికి ఆ కాలంతో సంబంధం లేదు. ఫలానా వీరుడి కత్తికి నకలు అని చెప్పే మాటకు అదనంగా డబ్బు పెట్టకండి.

గోడ కత్తికి స్టెయిన్‌లెస్ మంచి ఎంపిక. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఉప్పుగాలికి కార్బన్ ఉక్కు వారంలో మచ్చలు తేలుతుంది. స్నానాల గదికి ఆనుకున్న గోడ వద్దు. ఏడడుగుల ఎత్తున, 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి ప్లగ్గు దిగేసి, 50 మిల్లీమీటర్ల మరలతో రెండుచోట్ల బిగించండి. పెంకుటింటి మట్టిగోడలో ప్లగ్గు నిలవదు, దూలానికో చెక్క పట్టీకో బిగించాలి. ఒరలో పెట్టిన కత్తి అయితే పిడిని, ఒరని కలిపి సన్నటి రాగి తీగ చుట్టండి. చుట్టాల పిల్లలు కుర్చీ ఎక్కినా బయటికి రాదు.

పూజ, తుప్పు, దాచడం

దసరాకి కత్తికి పసుపు, కుంకుమ పెట్టి, మొనకు నిమ్మకాయ గుచ్చుతాం. నిమ్మ పులుపు కార్బన్ ఉక్కును కొన్ని గంటల్లోనే నల్లగా తినేస్తుంది. తడి కుంకుమ కింద తుప్పు చుక్కలు పుడతాయి. పూజకు ముందు అలుగుకు పలచగా నూనె రాయండి, బొట్టు పిడి మీదో ఒర మీదో పెట్టండి, నిమ్మకాయ పక్కన ఉంచండి. గుచ్చే తీరాలంటే అదే పూట తీసేసి తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి నూనె రాయండి. ఇత్తడి పిడిని చింతపండుతో తోమేవాళ్లు అలుగు మొదట్లో పాలిథిన్ చుట్టి టేపు వేయాలి. ఆ పులుపు నీళ్లు పిడి లోపలికి దిగితే తోక తుప్పు పడుతుంది, అది విరిగేదాకా తెలియదు.

రాయడానికి కుట్టుమిషన్ నూనె వాడండి. కొబ్బరినూనె నెలల్లో జిగటబారి దుమ్ము పట్టుకుంటుంది. మామూలు రోజుల్లో నెలకొకసారి, జూన్ నుంచి నవంబరు దాకా పది పదిహేను రోజులకొకసారి తుడిచి మళ్లీ రాయాలి. చేతివేళ్ల ముద్రలు కూడా తుప్పుగా మారతాయి, అలుగును గుడ్డతోనే పట్టుకోండి. తోలు ఒరలో, మఖమలు ఒరలో వానాకాలం ఉంచకండి, అవి తేమ పీల్చుకుని అలుగుకు ఆనించి ఉంచుతాయి. కత్తిని విడిగా, నూనె రాసిన నూలుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి. తుప్పు చుక్క కనబడితే 800 నంబరు నీటి కాగితాన్ని (సన్నటి గరుకు కాగితాన్ని) నూనెలో తడిపి, అలుగు పొడవునా ఒకే దిక్కున రుద్దండి. గుండ్రంగా రుద్దితే మచ్చ పోయినా గీతల వలయం మిగులుతుంది.

ఇంట్లో తాతల నాటి కత్తి ఉంటే ఇవేవీ దానికి చేయకండి. గరుకు కాగితం, సానరాయి, గ్రైండర్ దేన్నీ తాకనివ్వకండి. పైన పట్టిన ముదురు రంగుతో పాటు ఉక్కు మీది గీతలు, ముద్రలు పోతే తిరిగి రావు. నూనె రాసి తుడవడం వరకే. నూరేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అది పురావస్తువు కిందికి వస్తుంది, విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపడం కుదరదు. పిడి ఊగుతుంటే సుత్తితో కొట్టి బిగించే ప్రయత్నం వద్దు. లోపల లక్క ఎండి వదిలి ఉంటుంది, దాన్ని మెల్లగా వేడి చేసి మళ్లీ నింపడం తెలిసినవాళ్ల చేతే చేయించాలి. అంతవరకు పిడి పట్టుకుని ఎత్తకుండా, కింద రెండు చేతులూ పెట్టి తీయండి.